ధర్మసాగర్ శిఖంలో తీసిన రెండు చిన్న ఈగలు: ఒకే జాతా, వేరే వేరా?

మత్తడి_మనిషి:
అందరికీ నమస్తే. ధర్మసాగర్ చెరువులో నీళ్ళు వెనక్కి పోయిన శిఖం వైపు, బురద మీద పచ్చగా పాచి కట్టిన చోట తీసిన ఫోటోలు ఇవి. ఈగలు 3, 4 మిల్లీమీటర్లకు మించవు, నడిచి పోతుంటే కంటికి ఆనవు, కింద కూర్చుంటే మాత్రం ఎటు చూసినా అవే. నల్లటి ఒళ్ళు, ముందుకాళ్ళ తొడలు మిగతా కాళ్ళతో పొంతన లేనంత లావు. నడుస్తూ నడుస్తూ ఆగి ఆ కాళ్ళను పక్కలకు చాపి మళ్ళీ ముడుస్తాయి. ఒకటి ఇంకోదాని ఎదురుగా వచ్చి నిలబడి ఇదే పని చేస్తుంటే, అది కూడా తిరిగి చేస్తుంటే, చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

నా డౌట్ ఏంటంటే, ఫోటో 1, 2 లో ఉన్న ఈగకు ముఖం బంగారు రంగులో ఉంది, ముందుకాలి పాదంలో మొదటి ముక్క ఎర్రగా ఉంది. ఫోటో 3, 4 లో ఉన్నదానికి ముఖం తెల్లగా వెండి రంగు, పాదం మొత్తం నలుపు. రెండూ ఒకే గట్టున, నాలుగడుగుల దూరంలో దొరికాయి. ఫోన్ యాప్ మొదటిదాన్ని ఓక్తెరా మాంటిస్ అంటోంది, రెండోదానికి వేరే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరే చూపిస్తోంది. ఒకే జాతిలో ఆడ, మగ అయ్యుండొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి.

కాజీపేట_కెమెరా:
అన్నా, ఫోటోలు మస్తు వచ్చినయి. జాతి సంగతి నాకు తెలియదు కానీ లైట్ సంగతి చెప్తాను. మొదటి రెండు ఫోటోలు సాయంత్రం ఎండలో ఫ్లాష్ లేకుండా తీసినట్టున్నారు, నీడలు పొడుగ్గా ఉన్నాయి. మూడు, నాలుగు ఫ్లాష్‌తో తీశారు, కంటి మీద గట్టి తెల్ల చుక్క పడింది చూడండి. అంత చిన్న ముఖం మీద ఫ్లాష్ నేరుగా కొడితే ఏ రంగైనా తెల్లబడుతుంది. బంగారమా వెండా అన్నది తేల్చే ముందు రెండింటినీ ఒకే వెలుతురులో తీసి చూడాలి.

పెరటి_పురుగులు:
ఇవి అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగలు కావా? మా ఇంట్లో సరిగ్గా ఇంతే సైజువి ఉంటాయి.

జువాలజీ_హన్మకొండ:
పండ్ల మీద వాలే ఈగలు కావండీ. సైజు ఒకటే కాబట్టి చాలామందికి ముందు అదే తడుతుంది, అందుకే తేడా ఎక్కడ చూడాలో వివరంగా రాస్తాను.

ఈగ మీసం చివరి ముక్క మీద ఒక సన్నని వెంట్రుక లేచి ఉంటుంది, దాన్ని ఎరిస్టా అంటాం. పండ్ల మీద వాలే డ్రొసాఫిలాలో ఆ వెంట్రుకకు పైనా కిందా కొమ్మలు ఉంటాయి, చివర రెండుగా చీలి కనిపిస్తుంది. ఒడ్డు ఈగల్లో, అంటే ఎఫిడ్రిడే కుటుంబంలో, కొమ్మలంటూ ఉంటే పైవైపే ఉంటాయి. ఫోటో 2 ను పెద్దది చేసి చూస్తే ఎడమ మీసం మీద ఇది స్పష్టంగా తెలుస్తోంది. కొన్ని ఒడ్డు ఈగల్లో, ముఖ్యంగా స్కాటెల్లా లాంటివాటిలో, ఎరిస్టా దాదాపు బోడిగా ఉంటుంది కాబట్టి కొమ్మలు కనబడలేదని ఒడ్డు ఈగ కాదు అనుకోకూడదు. అప్పుడు ముఖం చూడాలి. ఈ కుటుంబంలో చాలావాటికి ముఖం ముందుకు ఉబ్బి, నోరు పెద్దగా తెరుచుకుని ఉంటుంది. పక్కనుంచి తీసిన ఫోటోలో ఆ ఉబ్బు ఒక్కటి కనిపించినా సగం పని అయిపోయినట్టే.

ఇక మీ ఈగలు. ముందుకాలి తొడ అంత లావుగా ఉండి, పిక్క చివర లోపలికి వంగిన పెద్ద ముల్లు ఉండి, ఆ రెంటి మధ్య వేటను బిగించి పట్టుకునేది ఈ కుటుంబంలో ఓక్తెరా ప్రజాతి. ఫోటో 1 లో ఆ ముల్లు ఉంది, ఫోటో 4 లో కూడా కాస్త మసగ్గా ఉన్నా ఉంది. కాబట్టి రెండూ ఓక్తెరానే, రెండోదానికి యాప్ చెప్పిన వేరే ప్రజాతి పేరు పక్కన పెట్టండి. ఇవి మిగతా చిన్న ఈగలను, నీటి పురుగుల పిల్లలను పట్టి తింటాయి. కెన్యాలో ఓక్తెరా చాలిబెసెన్స్ అనే జాతి మలేరియా దోమ పిల్లలను తింటుందని పరిశోధకులు గమనించి రాశారు.

కానీ మాంటిస్ అన్న జాతి పేరు ఒప్పుకోలేను. అది 1776 లో డి గీర్ అనే శాస్త్రవేత్త వర్ణించిన యూరప్ జాతి. ఎక్కువ ఫోటోలు అక్కడివే ఉంటాయి కాబట్టి యాప్ దగ్గరి పోలిక ఉన్న దేన్ని చూసినా ఆ పేరే చెబుతుంది. మన దగ్గర ఓక్తెరాలో వేరే జాతులు ఉన్నాయి. 1977 లో క్లాసెన్ అనే శాస్త్రవేత్త ఈ ప్రజాతి జాతులను తిరిగి పరిశీలించి రాసిన పెద్ద పరిశోధనలోనే ఇండియా నుంచి ఒక కొత్త జాతిని వర్ణించాడు.

మీ రెండు ఈగల మధ్య తేడా తేలాలంటే నాకు మూడు కోణాల ఫోటోలు కావాలి. ఎదురుగా ముఖం, అందులో నోటి పక్కన వేలాడే పాల్పుల రంగు తెలిసేలా. పక్కనుంచి ముందుకాలు, పాదం ఐదు ముక్కలూ విడివిడిగా కనబడేలా. పైనుంచి రెక్క. ముఖం రంగు గురించి కాజీపేట తమ్ముడు అన్నది సరైన మాట. ఆ రంగు చర్మానిది కాదు, దాని మీద పరుచుకున్న సన్నని పొడి లాంటి నూగుది, కోణం మారితే బంగారం కాస్తా వెండి అవుతుంది. పాదం రంగు అట్లా మారదు.

పెరటి_పురుగులు:
థాంక్స్ మేడం. మా ఇంటి ఈగను ఇప్పుడే ఫోన్ లెన్స్‌తో తీసి చూశాను, వెంట్రుకకు రెండు వైపులా కొమ్మలు ఉన్నాయి. ఇంత చిన్న ప్రాణిలో ఇంత తేడా ఉంటుందని అస్సలు అనుకోలేదు.

శీషా_సాంపిల్:
నేను కొంచెం వేరే మాట చెప్తాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. ఎన్ని కోణాల్లో తీసినా ఓక్తెరాను ఫోటోతో జాతి దాకా తీసుకుపోవడం మన దగ్గర చాలా కష్టం. దగ్గరి జాతులను వేరు చేసేది చాలాసార్లు మగ ఈగ పొట్ట చివరి భాగాలు, అవి మైక్రోస్కోప్ కింద విప్పి చూస్తే తప్ప కనబడవు. యూరప్‌వాళ్ళు ఫోటో చూసి పేరు చెప్పగలుగుతున్నారంటే, వాళ్ళ దగ్గర ఎన్నో ఏళ్ళుగా సాంపిల్స్ పట్టి, భద్రపరిచి, ఏ ఊళ్ళో ఏ జాతులు ఉన్నాయో లిస్టులు తయారుచేసుకున్నారు కాబట్టి. మనకు వరంగల్ జిల్లా ఒడ్డు ఈగల లిస్టు చేతిలో లేదు. ఏవేవి ఉన్నాయో తెలియకుండా ఇది కాదు అది కాదు అని తీసేసుకుంటూ పోతే చివరికి మిగిలే పేరు ఎట్లా నమ్మాలి? రెండు ఈగలను 70 శాతం ఆల్కహాల్‌లో వేసి, ఎక్కడ, ఏ తేదీన, ఎవరు పట్టారో పెన్సిల్‌తో రాసిన చీటీ లోపలే పెట్టి దాచండి. హైదరాబాద్‌లో జువలాజికల్ సర్వే వారి మంచినీటి జీవశాస్త్ర కేంద్రం ఉంది, అడిగితే చూసేవాళ్ళు దొరుకుతారు.

పాకాల_బాట:
పట్టడం గురించి ఒక మాట. ధర్మసాగర్ సరే, మన గ్రూపులో చాలామంది పాకాల, ఏటూరునాగారం కూడా పోతారు. అవి అభయారణ్యాలు, అటవీ శాఖ అనుమతి లేకుండా ఈగ అయినా సరే పట్టుకు రావద్దు. అక్కడ ఫోటోనే దారి. పాకాల గట్టు మీద, తూము కింద తడి రాళ్ళ మీద ఈ చిన్న ఈగలు ఎన్ని రకాలో. కాకతీయుల నాటి చెరువని చూస్తారు, పురుగుల సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోరు. పులి కోసం వచ్చినవాళ్ళు పులి కనబడలేదని వెనక్కి పోతారు, కాళ్ళ దగ్గర వేట జరుగుతున్నా చూడరు, నాకు అదే బాధ.

పరకాల_వరి:
చర్చ మధ్యలో వస్తున్నా. ఒడ్డు ఈగలు అన్నారు కదా, నాటు వేసిన మా మడిలో ఆకుల మీద బూడిద రంగు చిన్న ఈగలు కూర్చుంటున్నాయి, ముఖం తెల్లగా మెరుస్తోంది. కొత్తగా విచ్చుకున్న ఆకుల అంచులు కొరికినట్టు, తెల్లగా మచ్చలు పడి ఉన్నాయి. దుకాణంలో ఇది ఉల్లికోడు అని మందు ఇచ్చారు, ఇంకా కొట్టలేదు. ఫోటోలు పెడుతున్నా. ఇది ఉల్లికోడేనా? మస్తు టెన్షన్‌గా ఉంది.

జువాలజీ_హన్మకొండ:
మందు కొట్టకుండా ఆగడం మంచిపని చేశారు. ఉల్లికోడు కాదు. మన వరంగల్ వైపు ఉల్లికోడు పాత శత్రువు కాబట్టి వరి మీద చిన్నది ఏది కనబడినా ఆ పేరే ముందు వస్తుంది, కానీ దాని తల్లి పురుగు దోమలా సన్నగా, పొడుగు కాళ్ళతో ఉంటుంది, పగలు ఆకు మీద తీరికగా కూర్చోదు. అది పట్టిన పిలక ఆకు విప్పుకోకుండా తెల్లటి గొట్టంగా మారుతుంది. మీ ఫోటోల్లో ఒక్క గొట్టం కూడా లేదు.

మీ ఈగ హైడ్రెల్లియా, ఇదీ ఎఫిడ్రిడేనే. ఈ కుటుంబంలో ఎక్కువ భాగం బురద మీద పాచి తిని బతికితే, ఇది మాత్రం మొక్క లోపలికి చేరింది. ముఖం మీద వెండి మెరుపు, ఒళ్ళంతా బూడిద రంగు, రెండో ఫోటోలో కంటి మీద చాలా సన్నని నూగు కూడా తెలుస్తోంది. ఆకు మీద గుడ్డు పెడుతుంది, పిల్ల మొవ్వులోకి దిగి ఇంకా విప్పుకోని ఆకు అంచును తింటుంది. ఆకు బయటికి వచ్చాక ఆ తిన్న చోటే మీకు తెల్ల మచ్చగా, కొరికిన అంచుగా కనిపిస్తుంది. అంటే మీరు ఇవాళ చూస్తున్నది ముందే జరిగిపోయిన నష్టం.

నీళ్ళు నిలిచిన మడి దీనికి ఇష్టం. వీలుంటే నీళ్ళు తీసేసి మడిని కొద్దిగా ఆరనివ్వండి. పిలకలు బాగా వేసే సరికి పైరు సాధారణంగా తేరుకుంటుంది, ఆ మచ్చలు కూడా కనబడవు. ఎందుకైనా మంచిది, మీ మండలం వ్యవసాయ అధికారికి ఒకసారి మడి చూపించండి.

పరకాల_వరి:
మస్తు సంతోషం మేడం. ఇంకో డౌట్, అదే మడిలో గట్టు పక్కన ఆకుపచ్చగా మెరిసే ఈగలు కూడా ఉన్నాయి, కాళ్ళు పొడుగు. అవి కూడా ఆకు తినేవేనా?

జువాలజీ_హన్మకొండ:
అవి డోలికోపోడిడే, పూర్తిగా వేరే కుటుంబం. పొడుగు కాళ్ళు, లోహం మెరుపు చూస్తే ఎవరైనా గుర్తు పడతారు. ఆకు తినవు, చిన్న పురుగులను పట్టి తింటాయి. వాటిని చంపకండి.

ములుగు_మాక్రో:
ఈ చర్చ మొత్తం చదివి నా పాత ఫోటో ఒకటి వెతికి పెడుతున్నా. ఇంటి వెనక పశువుల నీళ్ళ తొట్టిలో, నీటి పైన అచ్చంగా నిలబడి జారుతూ తిరిగే గోధుమ రంగు ఈగ. మునగదు, తడవదు, చెయ్యి పెడితే ఎగిరి మళ్ళీ నీటి మీదే వాలుతుంది. తొట్టి అంచున చిన్న గోధుమ రంగు గింజల్లాంటివి కూడా తేలుతున్నాయి.

జువాలజీ_హన్మకొండ:
బ్రాకిడ్యూటెరా! ఎంత మంచి ఫోటో. ముఖం మధ్యలో పైనుంచి కిందికి దిగిన గట్టు చూడండి, ఇంటి దూలంలా ఉబికి ఉంది, ఎరిస్టా మీద పొడుగాటి కొమ్మలు పైవైపే బారుగా లేచాయి. పైన గోధుమ రంగు, పక్కలు తెల్లటి బూడిద. ఆ తేలుతున్నవి దాని ప్యూపాలు, అంటే పిల్ల ఈగగా మారే దశలో ఉండే గూళ్ళు. పిల్లలు నిల్వ నీళ్ళలో, కాస్త మురికైన నీళ్ళలో కూడా పెరుగుతాయి, వెనక ఉన్న గొట్టంతో గాలి పీల్చుకుంటాయి. బ్రాకిడ్యూటెరా లాంగిపెస్ మన దేశంలో నమోదైన జాతే, అయినా మీ ఫోటోకు ప్రజాతి పేరు దగ్గరే ఆగుతాను, దగ్గరి జాతులను ఈ కోణంలో వేరు చేయలేం.

కాజీపేట_కెమెరా:
ఈ కుటుంబం గురించి చదువుతుంటే ఆపబుద్ధి కావడం లేదు. లాస్ ఏంజెలెస్‌లో నేల నుంచి ముడి చమురు ఊరే గుంటల్లో పిల్లలు పెరిగే ఈగ ఇందులోదేనట, కాలిఫోర్నియాలోనే మోనో సరస్సు ఉప్పు నీళ్ళలోకి గాలి బుడగ చుట్టుకుని దిగి పాచి తిని వచ్చే ఈగ కూడా ఇదే కుటుంబం. చమురులో ఒకటి, ఉప్పులో ఒకటి, పరకాల వరి మొవ్వులో ఒకటి.

శీషా_సాంపిల్:
దాదాపు 2000 జాతులు ఉన్న కుటుంబం అన్నా. 1995 లో మాథిస్, జత్వార్నిట్స్కీ కలిసి ప్రపంచ జాబితా వేశారు, దాన్ని తిరగేస్తే ఎన్ని రకాల బతుకులో తెలుస్తుంది. నోటిఫిలా అనేది ఒకటి ఉంది, దాని పిల్ల నీటి మొక్క వేరులో ముల్లు గుచ్చి, బురద అడుగున ఉండే వేరు లోపలి గాలినే పీల్చుకుంటుంది. ఫోటోలో నోటిఫిలాను గుర్తు పట్టాలంటే నడిమి కాలి పిక్క చూడండి, పైవైపు వరసగా నిలబడ్డ బిరుసు వెంట్రుకలు ఉంటాయి. మన చెరువుల్లో తామర, కలువ ఉన్న చోట వెతకండి.

మత్తడి_మనిషి:
అందరికీ థాంక్స్. మళ్ళీ శిఖానికి పోయి, కాజీపేట తమ్ముడు చెప్పినట్టు రెండు రకాలనూ ఒకే వెలుతురులో తీశాను. ఫ్లాష్ ముందు పాల డబ్బా తెల్ల ప్లాస్టిక్ ముక్క కట్టాను, చాలా తేడా వచ్చింది. ఒక్కోదాన్ని చిన్న గాజు సీసాలోకి ఎక్కించి, ఐస్ పెట్టెలో కాసేపు ఉంచి, మందగించాక గ్రాఫ్ కాగితం మీద పెట్టి తీసి, తేరుకున్నాక వదిలేశాను. ఫోటో 5 నుంచి 12 వరకు చూడండి.

నాకు కనబడింది రాస్తున్నా. ఎర్రపాదం ఈగనే రెండు కోణాల్లో తీస్తే ఎదురుగా ముఖం బంగారు రంగు, కొద్దిగా కిందినుంచి తీస్తే వెండి రంగు. నల్లపాదందీ అంతే. కాబట్టి ముఖం రంగు లెక్కలోంచి పోయింది. పాదం రంగు మాత్రం ఏ కోణంలోనూ మారలేదు. ఎర్రపాదం దాంట్లో మొదటి ముక్క మొత్తం, రెండో ముక్కలో కొంత ఎరుపు, నల్లపాదం దాంట్లో ఎక్కడా ఎరుపు లేదు. ఇంకో విషయం, ఎర్రపాదం ఈగలకు పాల్పులు లేత పసుపు, నల్లపాదంవాటికి ముదురు రంగు. పొట్ట చివర చూస్తే రెండు రకాల్లోనూ ఆడవీ మగవీ ఉన్నట్టు అనిపిస్తోంది.

జువాలజీ_హన్మకొండ:
ఇది చాలా విలువైన పని. పాదం రంగు, పాల్పుల రంగు, ఈ రెండూ ఓక్తెరాలో జాతులను వేరు చేయడానికి నిజంగా వాడే లక్షణాలు. రెండు రకాల్లోనూ ఆడ మగ రెండూ ఉన్నాయంటే ఆడ మగ తేడా అన్న అనుమానం బలహీనపడుతుంది. ఫోటో 7, 8 లో ఉన్నది మగదే, పొట్ట చివర కిందికి మడుచుకుని గుండ్రంగా ఉంది. ఫోటో 10 మీద నాకు గట్టి నమ్మకం లేదు, పొట్ట మీద బురద ఉంది. ఫోటో 11 లో పాదం రెండో ముక్క మసకబారింది, మూడో ముక్కతో కలిసిపోయింది.

నా అభిప్రాయం: ఇక్కడ రెండు జాతులు ఉండే అవకాశం ఎక్కువ, కానీ పేరు చెప్పే స్థాయి ఆధారం ఫోటోల్లో లేదు. యాప్‌లో రెండు వేరే రికార్డులుగా పెట్టండి, రెండింటికీ ఓక్తెరా అని మాత్రమే రాయండి, ఎర్రపాదం, నల్లపాదం అని వివరణలో రాయండి. దయచేసి మీ ఫోటోలకు అక్కడ మాంటిస్ అన్న పేరే సరైనదని ఎవరైనా అప్పటికే ఓటు వేసి ఉంటే ప్రజాతి స్థాయికి తగ్గించమని మర్యాదగా అడగండి. మన చెరువు మీద ఒక తప్పు జాతి పేరు ఎక్కితే దాన్ని చూసి ఇంకో యాప్ నేర్చుకుంటుంది, రేపు కరీంనగర్‌లో మానేరు డ్యాం ఒడ్డున ఫోటో తీసిన పిల్లవాడికి అదే పేరు చూపిస్తుంది.

శీషా_సాంపిల్:
ఇది నాకూ సమ్మతమే. కాకపోతే నా పట్టు నేను వదలను, ఒక్కో రకంలో ఒక మగ ఈగ ఆల్కహాల్‌లో ఉంటేనే ఈ రెండింటి పేర్లు ఎప్పటికైనా తేలుతాయి. ఇంత ఓపికగా తీసిన ఫోటోలకు సాంపిల్ తోడైతే, రేపు ఎవరైనా ఈ ప్రజాతి మీద కూర్చుని పని చేసినప్పుడు ఈ ఫోటోలన్నిటికీ ఒకేసారి పేర్లు వస్తాయి.

పాకాల_బాట:
ధర్మసాగర్ వరకు నాకు అభ్యంతరం లేదు, ఒక్కో మగ ఈగ చాలు, ఎక్కువ పట్టకండి.

మత్తడి_మనిషి:
సరే, రెండు రికార్డులు పెట్టాను, రెండూ ఓక్తెరా దగ్గర ఆపాను. మాంటిస్ అని ఓటు వేసిన ఇద్దరికీ మెసేజ్ పెట్టాను, ఒకరు వెంటనే మార్చారు. ఒక ఎర్రపాదం మగ ఈగను సీసాలో దాచాను, చీటీ పెన్సిల్‌తోనే రాశాను. నల్లపాదం మగది ఇంకా దొరకలేదు. మేడం, నోటి పక్క పాల్పులు ఇంకా దగ్గరగా కావాలంటే నా దగ్గర ఉన్న లెన్స్ సరిపోదు.

కాజీపేట_కెమెరా:
నా దగ్గర లెన్స్ ముందు బిగించే క్లోజప్ అద్దం ఉంది అన్నా, ఆదివారం పొద్దున ధర్మసాగర్ కట్ట మీదికి తెస్తాను. ఎండ ఎక్కకముందే రండి, చల్లగా ఉన్నప్పుడు ఈగలు అంత చురుగ్గా ఉండవు.

జువాలజీ_హన్మకొండ:
నల్లపాదం మగది దొరికితే ముందు ఎడమ ముందుకాలు ఐదు ముక్కలూ విడిగా తీయండి, ఆ తర్వాతే సీసాలో వేయండి. ఆల్కహాల్‌లో రంగు పోతుంది.